తాల్తాల్‌ అక్కకు పంపిన పొర

వైశాఖం, సోమవారం

అక్కా,

ముందుగా నా రాతకు క్షమించు. ఐదో తరగతితో బడి మానేశాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి ఇప్పటికీ గుర్తుండదు, వరసలు కిందకి జారిపోతాయి. పైగా ఇల్లు ఊగుతూ ఉంటుంది. కాగితం మీద రాసింది చూసి మీ భాషలో చదివి వినిపించే పలక నీ దగ్గర కూడా ఉంటుందని విన్నాను. నా అక్షరాల దగ్గర అది తడబడితే విసుక్కోకుండా మళ్లీ చదివించు.

నీ పేరు నాకు తెలియదు. నీ ఊరు తాల్తాల్ అని మాత్రం తెలుసు. మా పొర ఈ వేసవి దాటి బతికితే దాన్ని జాడీలో పెట్టి పంపాల్సిన ఊరు అదేనని ఇక్కడి కంపెనీ సెంటర్ ఇంజనీరు హైమావతి గారు చెప్పారు. చిలీ దేశంలో సముద్రం ఒడ్డునే ఎడారి ఉందట, ఆ ఎడారిలో మీ ఊరట. వాన చూడని పిల్లలు ఉన్నారక్కడ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి బియ్యం కడుగుతున్నా అదే గుర్తొస్తోంది.

నా పేరు లోవలక్ష్మి. పుట్టిల్లు తుని దగ్గర, కొండ కింద. మొన్న మాఘంలో పెళ్లయి ఈ తెప్పలపేటకు వచ్చాను. ఇక్కడ నేల లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఊళ్లు ఉండేవి. వాటి మీద ఇప్పుడు నీళ్లున్నాయి, ఆ నీళ్ల మీద మేమున్నాం. తెప్పల మీద రెండు వరసలుగా ఇళ్లు, మధ్యలో పడవ పట్టేంత సందు. తెప్పలు కంపెనీవి. అద్దె అడగరు. అందుకు బదులు ప్రతి ఇంట్లో ఒక తొట్టి, తొట్టిలో ఒక పొర. ఉప్పునీళ్లు పోస్తే ఆ పొర తెల్లారేసరికి మంచినీళ్లు చేసి పెడుతుంది. దాన్ని సాకడం ఇంటి ఆడవాళ్ల పని. ఆ నీళ్లే మేము తాగేది, వండుకునేది. వేరే నీళ్లు లేవు.

పొర రంగు, నీటి రుచి, తొట్టి వేడి, ఇవి మాత్రం రోజూ సాయంత్రం గోడకున్న యంత్రానికి చెప్పాలి. మిగతావి చెప్పుకునే చోటు లేదు. ఒక దేశం వాళ్లు ఇంకో దేశం వాళ్లతో మాట్లాడకూడదని కంపెనీ కట్టడి. ఎవరి ముక్క వాళ్లదే.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, కొత్త కోడలిగా నేను మొదట విప్పిన జాడీ మూత మైనంలో ఒక వెంట్రుక అంటుకుని ఉంది. ఎండుగడ్డి రంగు, నా మూరెడు పొడుగు. మా పొర పుట్టింది ఏదో చలిదేశంలో. అక్కడ ఎవరో ఒకామె జాడీ మూసేటప్పుడు వంగి చూసుకుని ఉంటుంది. ఆ వెంట్రుక వేలికి చుట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతవరకు జాడీలు కంపెనీ పంపుతుందనుకున్నాను. మనుషులు పంపుతారని అప్పుడే తెలిసింది. నీకు వచ్చే జాడీ కూడా మనిషి పంపిందేనని నీకు తెలియాలనిపించింది. ఈ కాగితాలు జాడీ చుట్టూ కూరే కొబ్బరి పీచులో పెడతాను.

వైశాఖం, గురువారం

పొద్దున లేవగానే తొట్టిలోకి సముద్రపు నీళ్లు తోడి పోస్తాను. పొర మీద కాదు, పక్క నుంచి, చంటిబిడ్డకు పోసినట్టు. తర్వాత పలచటి గంజి ఒక గరిటె. ఎండెక్కాక తొట్టి మీద తడిగుడ్డ కప్పాలి, ఆరిపోతే మళ్లీ తడపాలి. వారానికోసారి పైన తేలిన మీగడలాంటిది తీసేయాలి. ఇది కంపెనీ చెప్పిన పద్ధతి. బాగున్న రోజున పొర లేత కొబ్బరిలా ఉంటుంది. వేలితో ముట్టుకుంటే చర్మంలా సాగుతుంది. మొదటిసారి ముట్టుకున్నప్పుడు అది కూడా నన్ను ముట్టుకున్నట్టు అనిపించి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

నాలుగైదు రోజులుగా అది బాగుండటం లేదు. అంచులు కరిగిపోతున్నాయి. నీళ్లు నాలుక మీద కొంచెం జివ్వుమంటున్నాయి. మా వరసలో అన్ని ఇళ్లలోనూ ఇదే అంటున్నారు గానీ మా అత్త చంద్రమ్మ మాత్రం నన్నే అంటుంది. నాది వేడి చెయ్యట, కొండ ఊరి పిల్లకు నీళ్ల సంగతి ఏం తెలుస్తుందట. నేను తల దించుకుని గుడ్డ తడుపుతాను.

గంజిపొడి కోసం సెంటర్‌కి వెళ్లాను. అక్కడ గోడంతా భూమి పటం. కంపెనీకి పని జరిగే ఊళ్లన్నిటికీ దీపాలు. అక్కడ పొద్దున్నయితే దీపం వెలుగుతుంది, అక్కడివాళ్లు పడుకుంటే ఆరుతుంది. నేను చూస్తుండగానే ఒకటి ఆరింది, ఇంకోటి వెలిగింది. మనం సాయంత్రం యంత్రానికి చెప్పింది ఇంకోచోట పొద్దున్నే వింటారట. వాళ్లు అలిసి పడుకునే వేళకు వేరొకరు లేచి అందుకుంటారట. పని ఎప్పుడూ నిద్రపోదు, మనుషులే వంతుల వారీగా నిద్రపోతారు. నా తొట్టి దగ్గర నేను పలికిన "కొంచెం జివ్వుమంటోంది" అన్న మాట ఆ దీపాల వెంట భూమి చుట్టూ తిరిగి వస్తోందా అని అడగాలనుకున్నాను. హైమావతి గారిని చూస్తే నాకు మాట రాదు. పొడి తీసుకుని వచ్చేశాను.

వచ్చేముందు ఆవిడ ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను. ఈ వేసవికి పొర చచ్చిపోతే వేడి సముద్రపు నీళ్లలో పొర పెంచి చూసే పని ఇక్కడ ఎత్తేసి వేరే దేశానికి ఇచ్చేస్తారట. పనితో పాటు తొట్లు వెళ్తాయి. తొట్లు వెళ్తే నీళ్లు వెళ్తాయి.

మా ఆయనకు చెప్పాను. ఆయన పేరు రాయలేను, ఏమీ అనుకోకు. రేవులో పెట్టెలు ఎక్కించే పని ఆయనది. అన్నం తింటున్నవాడు ఆగి, తొట్టి వైపు చూసి, గ్లాసులో మిగిలిన నీళ్లు పారబోయకుండా తాగేశాడు.

వైశాఖం, ఆదివారం

ఇవాళ చేయకూడని పని చేశాను.

పొద్దున పొర రెండు ముక్కలైంది. మధ్యలో నుంచి ఉప్పునీళ్లు కనబడుతున్నాయి. అత్త చూసి తిట్టలేదు. తిట్టకపోవడంతోనే నాకు భయమేసింది. నిన్న మిగిలిన నీళ్లు కడవలోకి వంపి, మూత పెట్టి, అంది:

"అలా సూత్తా నిలబడతావేటే? పెరుగు ఇరిగిపోతే ఏం సేత్తావు? ఎదురింటికెల్లి తోడు తెచ్చుకోవా?"

మా రెండు వరసల పొరలు వేరక్కా. మా వరసది చలిదేశంలో పుట్టింది. ఎదుటి వరసది ఎక్కడో వేడి మడుగుల దేశంలో పుట్టింది. అది నీళ్లను అంత తియ్యగా చేయదు గానీ ఎండకు బెదరదు. ఒకదాని చుక్క ఇంకోదానిలో పడకూడదు. ఇంటికి వచ్చిన మొదటి రోజే హైమావతి గారు మెల్లగా, నవ్వుతూ, రెండుసార్లు చెప్పారు. కలిపితే తెప్ప ఖాళీ చేయాలని కాగితం మీద మా మామగారి వేలిముద్ర కూడా ఉంది. ఆయన పోయినా ముద్ర ఉంది.

ఇవన్నీ నాకు తెలుసు. కానీ మా అమ్మ ఇంట్లోనైనా, ఇక్కడైనా, తోడు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడమే నేను నేర్చుకున్నది. అత్త చేతిలో గిన్నె పెట్టింది. కాళ్లు వాటంతటవే నడిచాయి.

ఎదురింట్లో సువార్తమ్మ పిన్ని ప్రార్థన నుంచి వచ్చి చేపలు తోముతోంది. గిన్నె చూసి, నన్ను చూసి, విషయం అడగకుండానే అర్థం చేసుకుంది.

"మీ అత్త పంపిందా? నాతో మాటాడి ఏడాదైంది, తోడుకి మాత్రం కోడల్ని పంపుద్ది."

నేను గిన్నె ముందుకు చాపాను.

"ఆ తల్లికి సెప్పు, గిన్నె ఖాళీగా పంపొద్దని. రెండు ఎండుమిరపకాయలైనా ఎయ్యమను." అంటూనే తొట్టి మీద గుడ్డ తీసింది. వాళ్ల పొర పసుపు గోధుమ రంగు. గరిటెతో అంచు తెంపి నా గిన్నెలో వేసింది. "కంపెనీ మడిసి అడిగితే ఏం సెప్తావే?"

"తెలీదు పిన్నీ."

"నాకూ తెలీదు. ఎల్లు, ఎండలో నిలబడితే అది సచ్చిపోద్ది."

మా తొట్టిలో, విరిగిన రెండు ముక్కల మధ్య ఉన్న ఉప్పునీళ్లలో దాన్ని వదిలాను. రాయిలా మునిగిపోయింది. అత్త తడిగుడ్డ తనే కప్పింది.

వైశాఖం, సోమవారం

అక్కా, నీకు ఎలా చెప్పను.

తెల్లవారి గుడ్డ తీశాను. తొట్టి నిండా ఒకటే పొర. ముక్కలు లేవు, అతుకు లేదు. రంగు చెప్పలేను. లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టుంది, పావురం మెడ మీద ఎండ పడితే కనబడే రంగులన్నీ ఉన్నాయి. నేను వంగగానే నా నీడ పడిన చోట అది మెల్లగా పైకి ఉబ్బింది. ఊపిరి తీసుకున్నట్టు. నేను పక్కకు జరిగితే నీడతో పాటే ఆ ఉబ్బు కూడా జరిగింది.

పిలిచేలోపే అత్త వచ్చింది. చూసి కొంగు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి లోటాతో నీళ్లు ముంచి, దేవుడి ముందు పెట్టకుండానే తాగింది. నాకూ ఇచ్చింది. మా కొండ కింద ఊటబావి నీళ్లు ఒకప్పుడు అలా ఉండేవి, చిన్నప్పుడు. ఆ బావి పూడిపోయి చాలాకాలమైంది. ఆ రుచి భూమ్మీద ఇంకా ఉందని నాకు తెలియదు. కళ్లవెంట నీళ్లు కారాయి.

మా ఆయన లేచి వచ్చి తొట్టి పక్కన కూర్చుని, చెయ్యి ఒక చివర నుంచి ఇంకో చివరకు ఆడిస్తూ నీడ పడేలా చేశాడు. పొర ఆయన చెయ్యి వెంట అలలా వెళ్లింది. రేవుకు ఆలస్యమవుతున్నా లేవలేదు.

వైశాఖం, శుక్రవారం

హైమావతి గారు వచ్చారు. మా వరసలో బతికి ఉన్న పొర మాదొక్కటేనని యంత్రం చెప్పిందట. గుడ్డ తీసి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఎండకు తనంతట తాను మారి ఉంటుందన్నారు. ఈ తీరంలో పని ఎత్తేయక్కర్లేదని, తాల్తాల్‌కి ఈ పొరే వెళ్తుందని చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసి "బాగా చూసుకున్నావమ్మా" అన్నారు. ఆ చెయ్యి నిప్పులా ఉంది నాకు. చెప్పాలని నోరు తెరిచాను. అత్త వెనక నుంచి నా జడ పట్టుకుని మెల్లగా లాగింది.

జ్యేష్ఠం, మంగళవారం

ఇది జాగ్రత్తగా చదివించుకో.

మొదటి రోజు ఈ కొత్త పొర ముక్క ఒకటి మట్టికుండలో వేసి తెప్ప వెనకవైపు పెట్టాను, ఎందుకైనా మంచిదని. మరిచిపోయాను. తొట్టిలో పొర మీద మీగడ ఎక్కువగా కడుతుంటే రోజూ సాయంత్రం తీసేస్తున్నాను, వారం ఆగకుండా. కుండలో తీసేవాళ్లు లేరు. ఇవాళ చూస్తే దాని మీద మీగడ తోలులా గట్టిపడింది. పొడిచి చూస్తే కింద నీళ్లు నల్లగా, కుళ్లు కంపు. మా ఆయన పీత ఒకదాన్ని అందులో వేశాడు. కాళ్లు ముడుచుకుంది, అంతే.

రోజూ తీస్తే అమృతం. తీయకపోతే విషం. కంపెనీ కాగితంలో మాత్రం వారానికోసారి తీయమనే ఉంది. ఆ కాగితమే జాడీతో మీ ఊరు వస్తుంది. మీ దగ్గర ఇంట్లో తొట్టి కాదట, ఊరందరికీ కలిపి ఒకే చెరువట. నువ్వు వారం ఆగుతావు. ఆ వాన చూడని పిల్లలు ఆ నీళ్లు తాగుతారు.

అత్తతో చెప్పాను. "ఎవరో ఏ దేశంలోనో ఉన్నదాని కోసం ఇల్లు వదిలిపోతావా?" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఈ తెప్ప ఎక్కే ముందు ఆవిడ గట్టు మీద టార్పాలిన్ కింద వానాకాలాలు గడిపింది. ఆ సంగతి మా ఆయన చెప్పాడు. అందుకే ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

సాయంత్రం ఆయన వల బాగు చేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"సెప్తే తెప్ప పోద్ది. సెప్పకపోతే నీకు అన్నం దిగదు. పొద్దున్నుంచి సూత్తన్నాను, నీ కంచంలో మెతుకులు కోడికే పోతన్నాయి."

"మరి మీరేం అంటారు?"

"నేనేం అంటాను. తెప్ప పోతే పడవుంది కదా. సన్నగా ఉంటది, అంతే. అమ్మ మజ్జిలో పడుకుంటది."

నవ్వొచ్చింది. పెళ్లయ్యాక ఆయన ముందు నేను పైకి నవ్వడం అదే మొదలు.

జ్యేష్ఠం, బుధవారం

సెంటర్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్లలేకపోయాను. సువార్తమ్మ పిన్ని కూడా వచ్చింది, నేను పిలవకుండానే. నన్ను వెనక నుంచి ఒక తోపు తోసి, "ఈ పిల్ల ఏదో సెప్పుద్దంట మేడంగారు, మజ్జానం దాకా ఆగాలేమో, కుర్చీ ఎయ్యండి" అంది.

కొంగు తల మీదకు లాక్కుని, నేల వైపు చూస్తూ చెప్పాను. తోడు తెచ్చింది, కలిపింది, కుండ, పీత, అన్నీ. పిన్ని మధ్యలో "ఇచ్చింది నేనండి, నా పేరు కూడా రాసుకోండి" అంది.

తలెత్తి చూస్తే హైమావతి గారు నేల మీద కూర్చుండిపోయి ఉన్నారు, పట్టుచీర మడతలు నలిగినా చూసుకోకుండా.

"అవి రెండూ ఒకటేనమ్మా," అన్నారు. "ఒకే దాన్ని రెండు సగాలు చేశారు. ఒక సగం ఒక దేశానికి, ఇంకో సగం ఇంకో దేశానికి ఇచ్చారు. గంజి ఎలా ఉండాలో ఇంకొకరికి. తొట్టి మట్టి ఇంకొకరికి. ఏ దేశమూ మొత్తం నేర్చేసుకుని సొంతంగా చేసుకోకూడదని. కలపడం పెద్దాఫీసులోనే. అక్కడ ఎన్నోసార్లు కలిపారు. ఒక్కసారీ బతకలేదు."

"ఎందుకు బతకలేదండీ?"

"తెలియదు. ఇక్కడ ఎందుకు బతికిందో కూడా నాకు తెలియదు." ఆవిడ ముఖంలో చదువుకున్నవాళ్ల దర్జా ఏమీ లేదు. మొదటి రోజు పొరను చూసినప్పుడు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది. "నేను ఇది పైకి చెప్పాలి. చెబితే ఏం జరుగుతుందో నా చేతిలో ఉండదు. తాల్తాల్ జాడీ మాత్రం ఇప్పుడే ఆపేస్తాను."

నన్ను తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

జ్యేష్ఠం, శనివారం

ఇవాళ నేను చూసింది నా పిల్లలకు, వాళ్ల పిల్లలకు చెప్పుకుంటాను.

సాయంత్రం మా తెప్ప మీద తెరచాప గుడ్డ కట్టారు. హైమావతి గారు ఏదో మీట నొక్కితే ఆ గుడ్డ మీద మనుషులు కనిపించారు, గళ్లు గళ్లుగా, గడికొకరు. ఒకరి వెనక కిటికీలో మంచు, ఒకరి వెనక ఎర్రటి మట్టి. ఒకచోట అప్పుడే తెల్లారుతోంది, ఒకచోట మిట్టమధ్యాహ్నం. అందరూ ఒకే కంపెనీ వాళ్లు, పొర ఎలా బతికిందో తేల్చడానికి పెద్దాఫీసు ఈ ఒక్కసారికి కలిపిందట. ఒకరినొకరు చూసుకోవడం వాళ్లకు కూడా అదే మొదటిసారట. కొత్తగా సంబంధం కలిసిన చుట్టాల్లా ఎవరూ ముందు మాట్లాడరు. చలిదేశం వాళ్లలో గడ్డిరంగు జుట్టు మనిషి కోసం వెతికాను. అందరికందరూ తలకు తెల్లటోపీలు బిగించుకున్నారు, ఎవరిదో తెలియలేదు.

నన్ను తొట్టి దగ్గర నిలబెట్టారు. హైమావతి గారు చెవి దగ్గర చెప్పారు, చెయ్యి పెట్టి చూపించమని.

పొర కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తాను. అది నా మణికట్టు చుట్టూ గాజులా చుట్టుకుంది. నీడ పడిన చోట ఉబ్బి, వేళ్ల చివర ఒక్కో చుక్క కట్టింది. మంచినీటి చుక్క. అవి జారి తొట్టిలో పడిన చప్పుడు వినిపించింది. తెప్పల మీద జనమంతా ఉన్నా ఆ చప్పుడు వినిపించింది, అంత నిశ్శబ్దం.

మంచు కిటికీ ముందున్న ముసలాయన ఏదో అన్నాడు. యంత్రం తెలుగులో చెప్పింది: "మా సగం ఇందులో ఎక్కడ ఉంది?"

ఎదుటి వరస పొర పుట్టిన ఎర్రమట్టి దేశపు ఆవిడ జవాబిచ్చింది: "నేనూ మా సగాన్నే వెతుకుతున్నాను. విడిగా కనబడటం లేదు."

ఆ ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా ఈడు నుంచి ఆయన ఆ సగం మీదే పని చేస్తున్నాడట, అది ఏమవుతుందో ఎవరూ చెప్పకుండానే. గంజి తయారుచేసిన దేశం వాళ్లు, తొట్టి మట్టి కాల్చిన దేశం వాళ్లు, ఒక్కొక్కరుగా తెర దగ్గరకు జరిగారు. ముఖాలు పెద్దవయ్యాయి. కొంతమంది ఏడుస్తున్నారు. ఎవరో ఏదో అడిగారు.

"ఇంకోసారి చూపించమంటున్నారు లోవా," అన్నారు హైమావతి గారు.

ఇంకోసారి ఎత్తాను. నా చేతి మీద అన్ని దేశాలూ కలిసి బరువుగా ఉన్నాయి. సిగ్గు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

జ్యేష్ఠం, గురువారం

పెద్దాఫీసు నుంచి ఒకాయన మాట్లాడాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ఇకపై ఈ పొర పెద్దాఫీసులోనే ఉంటుందన్నాడు. మనుషులు వచ్చి ఒక జాడీ తీసుకెళ్తారు, అది దాటగానే మిగతా తొట్లన్నీ మరిగే నీళ్లతో కడగాలి. ఏ దేశంలోనూ ఒక్క చుక్క ఉండకూడదు. తెప్పలపేట పని ముగిసింది. వానలు పడేదాకా ఓడ మీద నీళ్లు పంపుతారు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. తాల్తాల్‌కి పొర పంపడం రద్దు.

మరి పొర మీకు ఎప్పుడు వస్తుందని ఎర్రమట్టి దేశపు ఆవిడ అడిగింది, మీ తరఫున. ధర నిర్ణయించాక అన్నాడు.

నా వల్లే అని అత్త అంటుందని కాచుకుని కూర్చున్నాను. ఆవిడ గోడకు ఆనుకుని, చాలాసేపు తొట్టి వైపే చూసి, ఎవరితోనో అన్నట్టు అంది:

"తోడు దాసుకునేవోళ్లు కూడా ఉంటారేటే లోకంలో."

లేచి, గిన్నె తీసి, సందు దాటి సువార్తమ్మ పిన్ని గుమ్మంలోకి వెళ్లింది. ఏడాదిగా మాటల్లేని గుమ్మం. గిన్నెలో ఎండుమిరపకాయలు కూడా ఉన్నాయి.

జ్యేష్ఠం, శుక్రవారం

ఇవాళ పొద్దు వాలుతుండగా రెండు వరసల ఆడవాళ్లూ మా తెప్ప మీదకు వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక గిన్నె. ఇత్తడివి, స్టీలువి, పెంకుమూతలు, ఒకామె చేతిలో చంటిపాప పాలగ్లాసు. గరిటె నా చేతిలోనే ఉంది. మా పొర అంచులు తెంపి వేస్తూనే ఉన్నాను. ప్రతి ఒక్కరికీ మెల్లగా చెప్పాను, రోజూ సాయంత్రం మీగడ తియ్యాలి, మరిచిపోకూడదు అని. ఇంతమందితో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. నీళ్ల మీద సందు పొడుగునా గిన్నెలు ఇళ్లకు వెళ్తుంటే, ఒక్కో గిన్నెలో ఆ పావురం మెడ రంగు మినుక్కుమంటూ పోతుంటే, సెంటర్ గోడ మీద దీపాలు గుర్తొచ్చాయి.

హైమావతి గారు రేవులో నిలబడి ఉన్నారు. మా వైపు వీపు పెట్టి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు, ఆఖరి గిన్నె వెళ్లేదాకా. తర్వాత మా ఆయన దగ్గరకు వచ్చి చెప్పారు, ఖాళీ జాడీలు తాల్తాల్ గిడ్డంగికి వెళ్లాలి, పెట్టెలు రేపు ఎక్కించు, అని. రెండడుగులు వేసి ఆగి, అక్కడ పెట్టెలు విప్పేది కూడా ఆ ఊరి చెరువు చూసుకోవాల్సిన ఆవిడేనట అన్నారు. నాతో కాదు, గాలితో అన్నట్టు.

జ్యేష్ఠం, శనివారం

కంపెనీ మనుషులు వచ్చారు. జాడీ తీసుకున్నారు. వాళ్ల ముందే తొట్టిలో మరిగే నీళ్లు పోశాను. పొర ముడుచుకుని, తెల్లబడి, అడుక్కి దిగింది. ఏడ్చాను, అది నటన కాదు. ఊరి ఆడవాళ్లంతా తమ తొట్లు కడిగారు. వచ్చినవాళ్లు టిక్కులు పెట్టుకుని వెళ్లారు. మా ఇళ్లలో ఇప్పుడు ఏముందో ఇక్కడ రాయను.

నీ పెట్టెలో జాడీలన్నీ ఖాళీవి, ఒక్కటి తప్ప. మూతకు మైనం బదులు గోధుమపిండి పెట్టాను, ముట్టుకుంటే తెలుస్తుంది. లోపలున్నది మెత్తగా, తడిగుడ్డలో ఉంటుంది. నీ సముద్రపు నీళ్లు పక్క నుంచి పొయ్యి. గంజి లేకపోతే మీరు తినే గింజ ఏదైనా ఉడకబెట్టి వార్చిన నీళ్లు చాలు. ఎండలో నీడ పట్టు. రోజూ సాయంత్రం మీగడ తియ్యి, ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఒంట్లో బాగోకపోతే ఇంకొకరికి చెప్పి తియ్యించు. ముందు నువ్వు తాగి చూసి, తర్వాత పిల్లలకు ఇవ్వు. బాగా పెరిగాక మీ పక్కింటామె గిన్నె పట్టుకుని వస్తే లేదనకు.

మా ఆయన పెట్టె దగ్గర మేకు పట్టుకుని నిలబడ్డాడు, మూత కొట్టాలి అంటున్నాడు. ఇక ఆపుతాను. ఇందులో సువార్తమ్మ పిన్ని పేరుంది, హైమావతి గారి పేరుంది, మా ఊరి పేరుంది. చదివించుకున్నాక, పద్ధతి నీకు నోటికి వచ్చాక, ఈ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యి అక్కా. దాని మీద ఆ పూట గంజి కాచుకో.

లోవలక్ష్మి